రెండో బూటు

తెల్లారగానే మా కోడలు గుమ్మం మీద నీళ్ళు చల్లుతుంది. తడిసిన సిమెంటు వాసన మంచం దాకా వస్తుంది. ఖరగ్‌పూర్‌లో మేముండే ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఏ క్వార్టరు ముందైనా ఆ వేళకు వచ్చే వాసనే. నేను మాత్రం పాతగుడ్డ పట్టుకుని లేస్తాను. మెట్లు పొడిగా తుడిస్తే తప్ప కూర్చోలేను. "అత్తా, ఎండెక్కితే అదే ఆరిపోతాది కదా, మీకేటి తొందర?" అంటుంది. ఆ పిల్ల ఆనీని చూడలేదు.

నా కూతురు పద్మ నర్సు. కెనడా ఉత్తరపు కొసన, ఉత్తర ధ్రువం వైపు, బయటినుంచి రోడ్డు కూడా లేని చిన్న ఊళ్ళో ఉద్యోగం వస్తే తోడుగా నేనూ వెళ్ళాను. విమానం దిగితే చెట్టన్నది లేదు. నీళ్ళు లారీలో తెచ్చి ఇంటి ట్యాంకులో పోసేవారు. చలికాలమంతా సూర్యుడు కనిపించడు. ఆ చీకట్లో పొద్దుపోక, అరవై దాటాక, పద్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఆనీ మా పక్కింటి ముసలామె. మొదటిరోజే తలుపు తోసుకుని వచ్చి, కుర్చీ లాక్కుని, "టీ" అంది.

"తలుపు కొట్టడం తెలీదేటే ఈవిడికి?" అన్నాను ఆమె ఎదుటే. తెలుగు రాదు కదా అని ధైర్యం.

"ఇక్కడ పోలీసులే తలుపు కొడతారమ్మా. సుట్టాలు లోపలికి వచ్చీస్తారు," అంది పద్మ.

ఆనీకి మాట తక్కువ. అవునంటే కనుబొమ్మలు ఎత్తుతుంది, కాదంటే ముక్కు ముడుస్తుంది. దుకాణంలో కొన్న నా బూట్లు చూసి ముక్కు ముడిచింది. సీల్ అనే సముద్రజంతువు తోలుతో నీళ్ళు దిగని బూట్లు కుట్టడంలో ఆ ఊళ్ళో ఆమెకు సాటి లేదట. నేను అడగకుండానే నాకో జత మొదలుపెట్టి, ఒకటి పూర్తిచేసింది.

ఒక శుక్రవారం, గుమ్మం కడగని ఇల్లు ఇల్లేనా అని నా మనసు పీకింది. చన్నీళ్ళు గడ్డకడతాయని నాకూ తెలుసు. అందుకే తెలివిగా కాచి, పసుపు కలిపి మరీ పోశాను. లోపలికొచ్చి కూర్చున్నానో లేదో బయట ధబ్బుమంది. మెట్ల మీద నా వేడినీళ్ళు అప్పుడే గడ్డకట్టాయి. కింద ఆనీ. కుడి మణికట్టు విరిగింది. రెండో బూటు తోలు ఇంకా చంకలోనే ఉంది. నా పాదం కొలత చూసుకోవడానికి వస్తోంది.

ఆమెకు కట్టు కట్టించి వచ్చింది పద్మ. "నీళ్ళెందుకు పోసినావమ్మా?"

"శుక్రవారం కదే. వేడివే పోసినాను."

"ఖరగ్‌పూర్ ఎండ కూడా మూటకట్టి తెచ్చినాననుకున్నావేటి?"

మర్నాడు మొహం చూపించలేక లోపల గడియ పెట్టుకున్నాను. ఆనీ తలుపు తోసింది. తెరుచుకోలేదు. కాసేపాగి, కొట్టింది. మా తలుపు ఆమె కొట్టడం అదొక్కసారే. తీశాను. కూర్చుని "టీ" అంది. తర్వాత తోలూ సూదీ నా ఒళ్ళో పడేసి ఏదో చెప్పింది.

"రెండోది నువ్వే కుట్టాలంట," అంది పద్మ. "ఒంటి బూటుతో ఎలా నడుస్తావని అడుగుతంది."

కుట్టాను. ఆమె ముక్కు ముడిచినప్పుడల్లా విప్పి మళ్ళీ కుట్టాను. క్షమించమని పద్మ చేత చెప్పిస్తే, ఖాళీ కప్పు నా వైపు తోసింది. ఎముక అతికింది గానీ ఆ వేళ్ళు మళ్ళీ సూదిని బిగించి పట్టలేదు. ఆమె కుట్టిన ఆఖరి బూటు నాదే. నేను కుట్టింది పూర్తయ్యాక చాలాసేపు తిప్పితిప్పి చూసి, కనుబొమ్మలు ఎత్తింది.

ఈ ఊళ్ళో వాటితో పనేముంది? బూజు పట్టకుండా వరండాలో గాలికి పెడతాను. మొన్న వానకు వరండాలో నీళ్ళు నిలిచి రెండూ మడమల దాకా మునిగాయి. చెయ్యి పెట్టి చూశాను. ఆమెది లోపల పొడిగా ఉంది. నాదాంట్లో నీళ్ళు.

దీన్ని అంతసేపు తిప్పి చూసి కూడా ఆనీ అవునంది.