గోడ వెనకే ఉంటానన్న బిడ్డ

రేసు అంటే ఒక్కరోజు పని అనుకున్నాను. శనివారం ఒకటి, ఆదివారం ఇంకొకటి ఉంటుందని నాకెవరు చెప్పారు? ఎవరైనా చెప్పి ఉంటే, వికారాబాద్ నుంచి తాండూరు వచ్చే రైల్లో అంత తొందరపడి సంతోషించేదాన్ని కాదు.

మా బిడ్డకు బెంగళూరులో ఉద్యోగం. సెలవు దొరికితే ఇంటికి రావాలి గదా, అదేం లేదు. చెన్నై దగ్గర కార్ల రేసులు జరిగే చోటికి పోయి, మలుపుల దగ్గర నిలబడి జెండాలు ఊపే పని నేర్చుకుంది. ఆ పని చేసేవాళ్లను మార్షల్స్ అంటారట. గల్ఫ్‌లో ప్రపంచమంతా చూసే పెద్ద రేసు ఒకటి ఉందని, దానికి ఇక్కడి నుంచి కొందరిని పిలిచారని, అందులో తనూ ఉన్నానని ఒకరోజు ఇంటికొచ్చి ఎగురుకుంటూ చెప్పింది. తిండి, పడక ఇస్తారు, జీతం మాత్రం లేదు. "జీతం లేని పనికి గంత దూరం ఎందుకు పోతవే?" అని మా ఆయన అడిగితే నవ్వి ఊరుకుంది. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే మనిషికి ఆ నవ్వు ఏం అర్థమవుతుంది? నాకూ కాలేదు.

నేను మాత్రం ఒక్కటే అడిగాను. "కార్లు మీదికొస్తేనో?"

"నేను గోడ ఎన్క ఉంటనమ్మా. జెండ ఊపుడే నా పని. రోడ్డు మీదికి రాను. జర ఫికర్ జెయ్యకు."

ఉత్త మాటతో నేను ఊరుకునే రకం కాదు. నా తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. డ్యూటీలో ఫోన్ దగ్గర ఉండనివ్వరని, రేసు అయిపోయాక తనే చేస్తానని చెప్పి పోయింది.

నేను వికారాబాద్‌లో చిన్నపిల్లల బడిలో టీచరుని. శనివారం సాయంత్రం బడి పనులన్నీ ముగించుకుని రైలెక్కి, ఫోన్లో ఆ రేసు పెట్టుకున్నాను. ఒక్కో కారు ఒంటరిగా తిరుగుతోంది. ఒకదాని వెంట ఒకటి పడడం లేదు, దాటుకోవడం లేదు. ఇదేం రేసు తల్లీ అనుకున్నాను. పక్కన వరసగా పేర్లు; కాసేపటికి కింది పేర్లు మాయమవుతున్నాయి. ధారూరు దగ్గర సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి ఒకడు కారు దిగి చేతులూపుతున్నాడు, అందరూ వాడి వీపు తడుతున్నారు. అమ్మయ్య, అయిపోయింది! వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. "రేసు ఖతమైంది. ఎక్కడా ఏం కాలేదు. బిడ్డ మంచిగున్నది." తాండూరు స్టేషన్ బయట మిఠాయి కూడా కొన్నాను.

ఇంటికొచ్చి బిడ్డ ఫోన్ కోసం చూస్తుంటే మెసేజ్ వచ్చింది. "అమ్మా, ఇయ్యాల ఎవరి కారు ముందట నిలబడాలన్నది తేలింది. అసలు రేసు రేపు." ముందు నిలబడడానికే ఇంత ఆర్భాటమా! మిఠాయి డబ్బా మూతపెట్టి పక్కన పెట్టేశాను. తినబుద్ధి కాలేదు.

ఆదివారం మా బావ, అంటే మా ఆయన అన్న, పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. గొర్రెల మందను కొడుకుకు అప్పజెప్పి, బిడ్డను టీవీలో చూడాలని వచ్చాడు. మా ఇంట్లో అందరికంటే ధైర్యంగా ఉన్నది ఆయనే. "గొర్లు రోడ్డు దాటుతుంటె నేను లారీల ముందట తువ్వాల ఊప్తలేనా? గదే పని," అన్నాడు.

రేసు మొదలైంది. ఎవరు ముందున్నారో, ఎవరు ఎన్ని చుట్లు వెనక ఉన్నారో దేవుడికే తెలియాలి. ముందున్నవాడు టైర్లు మార్చుకోవడానికి పోయి వెనకవాడయ్యాడు. వెనకవాడు ఏం చేయకుండానే ముందున్నవాడయ్యాడు. నేను కార్లను వదిలేసి గోడలను చూస్తూ కూర్చున్నాను. ఎక్కడైనా మార్షల్స్ వేసుకునే నారింజ రంగు బట్టలు కనిపిస్తే నా బిడ్డేమోనని మెడ చాచేదాన్ని. అందరికీ అవే బట్టలు, అదే హెల్మెట్. ఎట్లా గుర్తుపట్టను?

సగం దాటిందేమో, ఉన్నట్టుండి ఒక కారు మలుపులో జారి గోడకు కొట్టుకుంది. పొగ లేచింది. నేను కెవ్వుమన్నాను. టీవీవాళ్లు వెంటనే వేరే చోటు చూపించారు. అక్కడ నెత్తిమీద పసుపు లైట్లు మెరిసే మామూలు కారు ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. రేసు కార్లన్నీ దాని వెనక వరస కట్టి, నెమ్మదిగా, ఒక్కటి కూడా దాటకుండా నడిచాయి.

బావ ముఖం వెలిగిపోయింది. "పరేషాన్ గాకమ్మా. మంద ముందట నడిసే పొట్టేలు గిట్లనే ఉంటది. అది బెదరకుంట నడుస్తుందంటె ఎన్క గొర్లకు ఏం భయం లేనట్టె. జూడు, ఎట్ల నిమ్మలంగ పోతున్నయో! గా లైట్ల కారే గెలుస్తది."

ఆయన నలభై ఏళ్లుగా మంద వెనక నడిచిన మనిషి. మేం నమ్మాం. నా గుండె దడ తగ్గింది కూడా. మా ఆయన అయితే లైట్ల కారుకు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు టీవీలో ఇంగ్లీషాయన చెప్పే మాటలు చెవిన పడ్డాయి. మార్షల్స్ ట్రాక్ మీద ఉన్నారు, వాళ్లు బయటికి వచ్చేదాకా ఆ కారు ముందు నడుస్తుంది అని. ఆ కారు వచ్చింది భయం లేదని కాదు, భయం ఉందని! ఇందాకటిది మళ్లీ చూపించారు. గోడ దూకి ముగ్గురు కారు వైపు పరుగెత్తారు. ముందున్నది పొట్టి మనిషి. ఎడమ చేయి పక్కకు చాచి, కుడిచేత్తో నిప్పులార్పే డబ్బా పట్టుకుని పరుగు. నా బిడ్డ నడక నేర్చినప్పటి నుంచీ అట్లాగే ఉరుకుతుంది.

"అది కాదు," అన్నాను పైకి. "నా తల మీద ఒట్టేసింది. అది కానే కాదు."

పొగలో ఆ ముగ్గురూ మునిగిపోయారు. టీవీ మళ్లీ వేరే చోటికి పోయింది.

కాసేపటికి లైట్ల కారు పక్కదారి పట్టి తప్పుకుంది. "అరె, గెలిచెటోడు గల్లీలకు పోయిండేంది?" అని బావ బిత్తరపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఎవడు గెలిస్తే ఎవరికి కావాలి? మళ్లీ కార్లు రయ్యిమన్నాయి. నలుపుతెలుపు గళ్ల జెండా ఊపారు. ఆకాశంలో పటాకులు, ఎవరో మెట్టెక్కి సీసాలు చిమ్ముకుంటున్నారు. ఆ నారింజ బట్టల వాళ్లు ఏమయ్యారో ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు. ఇంతమంది కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు, నా బిడ్డను చూపించడానికి ఒక్క కెమెరా దొరకలేదా? టీవీని బద్దలు కొట్టాలనిపించింది.

చాలాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మా."

"ఏడున్నవే? దెబ్బలు తాకినయా?"

"ఏం తాకలే. మంచిగున్న."

"ముందుగాల ఉరికింది నువ్వేనా?"

"నేనే."

"ఒట్టేసినవ్ గదనే! నా తల మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్!"

"యాదికున్నదమ్మా. పొగ వస్తున్నది, కారు నడిపే పిల్లగాడు అండ్లకెళ్లి ఎల్తలేడు. అందరికంటె దగ్గర నేనే ఉన్న. మరేం జెయ్యాలె?"

తిట్టడానికి సాయంత్రమంతా కూడబెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. నోరు తెరిచేసరికి ఏడుపొచ్చింది.

"ఆ పిల్లగాడు బతికిండా?" అని అడిగాను.

"బతికిండు. నడుసుకుంటనే పోయిండు. ఇప్పుడు దవాఖానల చూస్తున్నరు."

"వాని తల్లికెవరన్న ఫోన్ చేసిండ్రా?"

"నాకు తెల్వదమ్మా."

"అడుగు బిడ్డా," అన్నాను. "ముందుగాల పోయి గది అడుగు."