కొట్టివేతల ధర

పాత ఉత్తరాలకు వెలకట్టే ఆ పెద్దమనిషి ఏనాడూ ఒక ఉత్తరం చదివిన పాపాన పోలేదు. కవరు వాసన చూస్తాడు, భూతద్దంతో తపాలా ముద్రను పరీక్షిస్తాడు, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసం వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడాలి. యుద్ధకాలపు ఉత్తరాలైతే ఆయన చూపంతా నల్లసిరా కొట్టివేతల మీదే. సెన్సారువాళ్లు ఎంత కొట్టేస్తే అంత ధర. రాసినవాడి గోడు ఆయనకు అక్కర్లేదు.

ఒకరోజు ఒక ముసలావిడ, కంటి ఆపరేషన్‌కు అక్కరకొస్తాయని, భర్త యుద్ధం నుంచి రాసిన ఉత్తరాల కట్ట తెచ్చింది. ప్రతి ఉత్తరంలోనూ మొదటి వరుస నల్లగా కొట్టేసి ఉంది. ఆయన మొహం చేటంత అయింది.

"ఏదో పెద్ద సైనిక రహస్యమే ఉందమ్మా ఇక్కడ! మంచి ధర పలుకుతుంది."

"రహస్యమే బాబూ," ఆవిడ సిగ్గుపడింది. "ఆయన 'నా బంగారుకొండా' అని మొదలుపెట్టేవారు. మా అత్తగారు అది కొట్టేసిగానీ ఉత్తరం నా చేతికిచ్చేవారు కాదు. నేను వెలుతురుకు అడ్డంపెట్టి చదువుకునేదాన్ని."

భూతద్దం టక్కున బల్లమీదికి దిగింది. "అయితే ఇవి ఎందుకూ పనికిరాని రాతలమ్మా."

ఆవిడ కట్టకు మళ్లీ తాడు బిగిస్తూ అంది: "మా అత్తగారూ సరిగ్గా ఇదే మాట అనేవారు."