ఎర్రావు ఎందుకు ఆగింది

జూన్ రెండో వారం. మధ్యాహ్నం రెండూ పదికి, దుమ్ముగూడెం దాటాక పదకొండో కిలోమీటరు దగ్గర లారీ దిగాను. వెంట ఒక ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, పానాల సంచీ. మూడు వైపులా టేకు, వెదురు. నాలుగో వైపు చెట్లు పలచబడిన చోట గోదావరి ఇసుక తెల్లగా కనిపించింది. మా క్యాంపు అదే: ముళ్లకంచె, నాలుగు మూలల్లో ఇసుక బస్తాల మోర్చాలు, మధ్యలో రేకుల బ్యారక్‌లు. కంచెను ఆనుకుని హెలిప్యాడ్.

మా వీధిలో అందరూ నన్ను మిలటరీ అంటారు. మాది పోలీసు సాయుధ బెటాలియన్. నేను తుపాకీ కంటే పానా ఎక్కువసార్లు పట్టినవాణ్ని. హెడ్ కానిస్టేబుల్, మెకానిక్. రెండు జీపులు, జనరేటర్, నీళ్ల మోటారు, ఒక గడ్డి కోసే బండి నా కింద ఉండేవి. ఆ ఆరు నెలల గురించి ఎవరడిగినా నవ్వించే సంగతులే చెప్పాను. ఆ బండి సంగతి మాత్రం అబద్ధం చెప్పాను. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అది కూర్చుని నడిపే బండి. చిన్న ట్రాక్టరులా సీటు, స్టీరింగు, పొట్ట కింద తిరిగే బ్లేడు. పట్నంలో ఏదో గెస్ట్‌హౌస్‌లో వాడి పక్కన పెడితే మాకు పంపారు. ఎర్ర రంగు. దానికి ఎర్రావు అని పేరు పెట్టింది వంట మాస్టర్. “దినాం గడ్డి మేస్తది, చుక్క పాలియ్యదు. గిసుంటి ఆవును నేనెక్కడ సూడలే,” అనేవాడు.

కాని దాని పని చిన్నది కాదు. కంచె చుట్టూ యాభై మీటర్ల మేర గడ్డి చీలమండ దాటకూడదని ఆర్డరు. సెంట్రీకి నేల కనిపించాలి. హెలిప్యాడ్ మీద అయితే ఇంకా పొట్టిగా ఉండాలి. వానాకాలం వాగులు పొంగితే జబ్బు చేసినవాణ్ని దవాఖానాకు చేర్చేది హెలికాప్టరే.

ఎర్రావును నడిపేది కానిస్టేబుల్ ముత్తయ్య. కోయవాడు. టేకులపల్లి అవతల అడవిలో ఊరు. ఉదయం ఏడుకు ఎక్కి తొమ్మిదికి దిగేవాడు. దున్నినట్టు చాళ్లు వంకర లేకుండా తీసేవాడు. కోసిన పచ్చి గడ్డి వాసన బ్యారక్ దాకా వచ్చేది. ఆ వాసనలో, బెల్లం టీ గ్లాసుతో మెట్టు మీద కూర్చున్న ఉదయాలు నా ఉద్యోగం మొత్తంలో మంచివి. పక్క గదిలో వైర్‌లెస్ సెట్లో పై ఆఫీసు ప్రశ్న, మా ఆపరేటర్ జవాబు వినిపించేవి.

“మీ దిక్కు వాన ఉన్నదా? ఓవర్.”

“వాన ఉన్నది సార్. మేమే ఉన్నమో లేమో సూసుకోవాలె. ఓవర్.”

ఆగస్టు చివర్లో మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు ఎర్రావు స్టార్ట్ కాలేదు. పెట్రోలు ట్యాంకులోకి నీళ్లు దిగాయి. మూత లోపలి వాషర్ పాతబడి చీలింది. ట్యాంకు వంచి, ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోశాను. సైకిల్ ట్యూబు గుండ్రంగా కత్తిరించి మూత లోపల బిగించాను. ఇక బొట్టు కూడా దిగదని వంట మాస్టర్‌కు గొప్పగా చూపించాను. ఆ రోజు మెస్ ముందు పది నిమిషాలు నడిపాం. బాగానే నడిచింది.

ఆ వారమే ముత్తయ్యకు ఏడు రోజుల సెలవు మంజూరైంది. వచ్చే శుక్రవారం నుంచి. ఆదివారం వాళ్ల ఊళ్లో కొత్తల పండుగ. కొత్త సామలు వండి ముందు పెద్దలకు పెట్టాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు నోట పెట్టుకోవాలి.

“ఎండకాలంల మా నాయిన పోయిండు సార్,” అన్నాడు ముత్తయ్య. “ఈయేడు పెట్టుడు నా వంతు. నేను పోకపోతే మా ఇంట్ల కొత్తయి ఎవ్వరు ముట్టరు.”

సోమవారం పొద్దున్నే మెసేజ్ వచ్చింది. గురువారం పదిన్నరకు పై ఆఫీసరు హెలికాప్టర్‌లో వస్తున్నాడు. వాన తెరిపివ్వక గడ్డి మోకాలు దాటి ఉంది. ఏడు గంటలకు ముత్తయ్య బండి ఎక్కాడు. ఏడూ ఇరవై అయిదుకు ఇంజను దగ్గింది. బ్లేడు మందగించింది. ఆగిపోయింది.

ప్లగ్ తీశాను. పొడిగా ఉంది. గీకి, గ్యాపు సరిచేసి పెట్టాను. స్టార్ట్ అయింది. ఇరవై నిమిషాలకు మళ్లీ ఆగింది. ఎయిర్ ఫిల్టర్ కడిగాను. మంగళవారం పెట్రోలు ఫిల్టర్ మార్చాను. కార్బొరేటర్ విప్పి, సన్నటి రాగి తీగతో పెట్రోలు దిగే జెట్ రంధ్రం పొడిచాను. ప్రతిసారీ అంతే. బాగా మొదలవుతుంది, ఇరవై నిమిషాలకు ఆగుతుంది, పావుగంట వదిలేస్తే మళ్లీ లేస్తుంది. నీళ్లు ఇంకా ఎక్కడో మిగిలాయనే నా ధ్యాస.

“సార్, ఒక మాట,” అన్నాడు ముత్తయ్య. “ఆగినప్పుడు మూత తిప్పితే ఇస్స్ అని గాలి గుంజుతాంది. తిప్పి పెట్టినంక ఎంబడే నడుస్తాంది.”

“నువ్వు నడుపు. ఇంజను సంగతి నాకొదిలెయ్యి,” అన్నాను.

అతను ఇంకోసారి చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం కమాండర్ ముప్పై మందికి కొడవళ్లు ఇప్పించాడు. వానలో నడుములు వంచి సాయంత్రం ఆరు దాకా కోశాం. వంట మాస్టర్ కూడా కోశాడు. “ఎర్రావు పండుకున్నది, మనం మేస్తున్నం,” అంటే అందరూ నవ్వారు. కమాండర్ నవ్వలేదు.

“ఏందయ్యా మెకానిక్? మూడు రోజులు పట్టుకున్నవ్, బండి లేవకపాయె. తప్పు ఎవరిదో కాగితం మీద రాసియ్యి.”

రాసిచ్చాను. డ్రైవర్ మూత సరిగా బిగించకపోవడంతో వానలో ట్యాంకులోకి నీరు చేరింది. దాంతో కార్బొరేటర్ చెడింది. రెండు వాక్యాలు, కింద నా సంతకం. వాషర్ చీలిందని నాకు తెలుసు. మూత బిగించే ఉందని కూడా తెలుసు. ఇరవై రెండేళ్లుగా పానా పట్టిన మెకానిక్‌కు ఇంజను అంతుపట్టలేదని రాయడం కంటే అది తేలికనిపించింది.

గురువారం హెలికాప్టర్ వచ్చింది, పోయింది. ఆ సాయంత్రం ముత్తయ్య సెలవు రద్దయింది. అతని సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం అని ఎక్కింది.

శుక్రవారం పదకొండు గంటలకు షెడ్డులో ఒక్కణ్నే ఇంజను నడిపి చూస్తున్నాను. ఆగగానే మూత తిప్పాను. ఇస్స్ అంది. మూత ఊడదీసి, తిరగేసి చూశాను. నేను పెట్టిన రబ్బరు చిన్న గిన్నెలా లోపలికి గుంజుకుని ఉంది. దాని పైన, మూత నడుమ, సూది మొనంత రంధ్రం. పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులోకి గాలి రావలసిన దారి అది. నేనే మూశాను. గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఇంజను ఆకలితో ఆగుతుంది. కాసేపు వదిలేస్తే అంచుల్లోంచి కొంచెం గాలి చొరబడి మళ్లీ లేస్తుంది. ముత్తయ్య మంగళవారమే చెప్పాడు.

పండుగకు ఇంకా రెండు రోజులున్నాయి. షెడ్డు నుంచి కమాండర్ గది డెబ్బై అడుగులు. నడవలేదు. రబ్బరు పీకి వంటింటి పొయ్యిలో వేశాను. అట్టతో కొత్త వాషర్ చేసి, నడుమ రంధ్రం వదిలి బిగించాను. కార్బొరేటర్ సెట్ చేశానని చెప్పాను. “శభాష్,” అన్నాడు కమాండర్.

శనివారం ముత్తయ్య రెండు గంటలు ఆగకుండా కోశాడు. దిగి, మూత తిప్పి, చెవి పెట్టి విన్నాడు.

“ఇప్పుడు ఇస్స్ అంటలేదు సార్.”

“కార్బొరేటర్ బాగైంది కదా.”

“అవ్ సార్,” అన్నాడు. నా కళ్లలోకి చూసి, మూత బిగించి వెళ్లిపోయాడు.

ఈ వివరమంతా రాసి, సంతకం పెట్టి, నిరుడు రిటైరయ్యాక, బెటాలియన్ ఆఫీసుకు పంపాను. జవాబు రాలేదు. మళ్లీ పంపుతాను.

డిసెంబరులో నాకు బదిలీ వచ్చింది, ఇల్లందు మీదుగా పోవాలి. అదే రోజు ముత్తయ్యకు సెలవు దొరికింది. భద్రాచలంలో ఒకే బస్సు ఎక్కాం. కొత్తగూడెం దాటాక, “మా ఇంటికి రాండ్రి సార్. ఇల్లందుకు రేపు పొద్దుగాల బస్సున్నది,” అన్నాడు. వద్దనడానికి సాకు దొరకలేదు.

టేకులపల్లిలో దిగి ఆరు కిలోమీటర్లు నడిచాం. ఊళ్లో అందరిళ్లలో కొత్తలు ఎప్పుడో అయిపోయాయి. వాళ్లింట్లో దూలానికి, మోదుగాకుల్లో కట్టిన కొత్త సామల మూట వేలాడుతూ ఉంది. మూడు నెలలుగా ఎవరూ విప్పలేదు. ముత్తయ్య స్నానం చేసి వచ్చి మూట దించాడు. తల్లి వండింది. గోడ దగ్గర పెద్దలకు పెట్టి, ఏదో వాళ్ల మాటలో చెప్పుకుని, అతను కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత నాకు విస్తరి వేశారు. తల్లి నన్ను చూసి ముత్తయ్యతో కోయలో ఏదో అంది.

“ఏమంటున్నది అమ్మ?”

“నా మీది సారు గదా మీరు. నన్ను మంచిగ సూసుకున్నరట. చుట్టం ముందు తినాలె అంటాంది.”

నిజం నేను చెప్పాల్సింది అప్పుడే. ముత్తయ్య తల వంచుకుని ఉన్నాడు. అమ్మ మాటకు ఒక్క మాట కూడా కలపలేదు, తీసెయ్యలేదు.

ఎదురుగా ఆమె తన విస్తరి ముందు కూర్చుంది. మూడు నెలలుగా ఆగిన ముద్ద కలుపుకుంది. పైకెత్తిన చెయ్యి అలాగే గాలిలో ఆపి, నేను తినడం కోసం నా నోటి వైపు చూస్తూ ఉంది. నేను తిన్నాను.

ఆ ఆగిన చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి దిగలేదు.