ఐసు మీద గెంతే చుక్కలు

వన్ టౌన్‌లోని ఐసు ఫ్యాక్టరీలో, దిమ్మల మీద కప్పిన తడి ఊకలోంచి నల్లచుక్కలు గెంతుతున్నాయని మంగరాజు చూపించిన రోజున, అక్కడే పనిచేసే కుర్రాడు హేమసుందర్ కూలీలందరి ముందూ నవ్వాడు. "ఐసు మీద పురుగు బతకదు మామా, నేను చదివాను," అన్నాడు. నిజానికి ఏమీ చదవలేదు. అప్పటినుంచి ఆయన పేరు పురుగుల మంగరాజు అయింది.

భుజాన గోనెసంచి వేసుకుని దిమ్మలు మోసే మంగరాజు, దించిన ప్రతిసారీ వంగి ఊకను మెల్లగా ఊది, చుక్కలన్నీ పక్కకు గెంతాకే సుత్తి ఎత్తేవాడు. ఆ పేరు పడ్డాక కూడా ఊదడం మానలేదు గానీ, ఎవరికీ ఏదీ చూపించడం మానేశాడు. హేమసుందర్ మాత్రం పాత పుస్తకాల బండి దగ్గర నిలబడి చదివిన సగం సగం పేజీలతో ఊరందరినీ సరిదిద్దుతూ తిరిగాడు. ఆరేళ్ళకు ఆ బండి మీదే ఒక పత్రికలో, చలిదేశాల మంచు మీద గెంతే, ఆవగింజ కన్నా చిన్న పురుగుల బొమ్మ కనిపించింది. వాటి జాతివి తడి ఊకలోనూ ఉంటాయని కింద రాసి ఉంది. తానే కనిపెట్టినట్టు రొప్పుతూ వెళ్ళి మంగరాజు చేతిలో పెట్టాడు. వాళ్ళు కలవడం అదే ఆఖరు. మంగరాజు బొమ్మను ఒక్కసారి చూసి, పత్రిక మడిచి తిరిగి ఇచ్చాడు.

"నాకెందుకురా అల్లుడూ, నేను చూసినవేగా. ఆ రోజు నవ్వినోళ్ళకు చూపించు."