ఒక్కరోజు హెడ్మేడం ఇచ్చిన సీటు

నా కొంప నేనే ముంచుకున్న కథ చెబుతాను, వినండి. ముంచుకోవడమంటే అలా ఇలా కాదండోయ్, పీకల్లోతు దాకా. అదీ మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొని మరీ.

అప్పుడు నేను పదో తరగతి. తాడేపల్లిగూడెం శివార్లలో మాది పేద్ద జిల్లా పరిషత్ హైస్కూలు. ఒక్క ఎనిమిదో తరగతికే ఎ నుంచి ఎఫ్ దాకా సెక్షన్లుండేవి. ప్రార్థన జరిగేటప్పుడు ముందు వరుసవాళ్ళు ప్రతిజ్ఞ ముగించేసరికి వెనక వరుసవాళ్ళు ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉండేవారు. అంత సంతనీ మా హెడ్మిస్ట్రెస్ రత్నకుమారి గారు కంటిచూపుతో నడిపేవారు. ఆవిడ గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. ‘హెడ్మేడం చెప్పారు’ అన్న రెండు ముక్కలు చాలు, మా స్కూల్లో తలుపులు తెరుచుకునేవి, నోళ్ళు మూసుకునేవి. ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నన్ను ముంచింది ఆ రెండు ముక్కలే.

ఉపాధ్యాయ దినోత్సవం నాడు పదో తరగతి పిల్లలు చీరలూ పంచెలూ కట్టుకొని ఒక్కరోజు టీచర్లయిపోవడం మీకు తెలిసిందే. మీరూ కట్టే ఉంటారు, సిగ్గుపడకండి. ఆ ఏడు హెడ్మిస్ట్రెస్ పదవి నాకొచ్చింది. తెలివిని చూసి కాదులెండి, పొడుగుని చూసి. నెమలికంఠం రంగు పట్టుచీర, కొప్పు, పక్కింటి పిన్నిగారి కళ్ళజోడు. ఆ జోడు పెట్టుకుంటే నాకు మనుషులు ఇద్దరిద్దరు కనిపించేవారు. అయినా తీస్తేనా! అసలు హెడ్మేడం ఏదో మీటింగుకని ఏలూరు బయల్దేరుతూ, ‘గది జాగ్రత్తమ్మా హెడ్మేడం గారూ’ అని నవ్వి వెళ్ళారు. టీచర్లంతా స్టాఫ్ రూములో పకోడీల పొట్లాలు విప్పుకున్నారు.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు కుర్చీ వస్తే ఫ్యాను కింద కూర్చొని విసనకర్ర తెమ్మన్నాను. తెచ్చినవాడు మా క్లాసు శ్రీను. ఆ రోజు వాడు అటెండరు. విసురుతూ విసురుతూ వాడు బయటికి తొంగిచూసి, నా చెవి దగ్గరకొచ్చాడు.

“ఒసేయ్, ఎవరో పెద్దాయన వచ్చాడే. హెడ్మేడం కావాలంటున్నాడు.”

“నిజం మనిషా, మన వేషగాళ్ళలో ఒకడా?”

“నిజం మనిషే. రేపు రమ్మని పంపేయనా?”

బుద్ధున్నదైతే పంపేయమనాలి. నేను కొప్పు సవరించుకొని, “లోపలికి పంపవయ్యా, అటెండరూ” అన్నాను.

వచ్చినాయన తువ్వాలు చేత్తో నలుపుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు. నాకు అలాంటివాళ్ళు ఇద్దరు కనిపించారు.

“రండి, మీరిద్దరూ కూర్చోండి” అన్నాను ఎంతో దయగా.

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. కూర్చోలేదు.

“దణ్ణవండీ మేడం గారూ. నా పేరు దావీదండి. మాది మండవల్లి అవతల లంకండి. చేపల చెరువు మీద కాపలా ఉండేవోణ్ణండి. గవర్నమెంటోళ్ళు ఆ చెరువుల గట్లు కొట్టేశాక పని పోయిందండి. ఇక్కడ ఉల్లిపాయల మార్కెట్లో మూటలు మోసుకుంటన్నానండి.”

“అలాగా. ఏం కావాలి?”

“మా అమ్మాయి మార్తకి ఎనిమిదిలో సీటండి. ఆఫీసులో టీసీ లేకపోతే కుదరదన్నారండి. దానికోసం రెండుసార్లు ఊరెళ్ళొచ్చానండి. ఆ బళ్ళో గుమస్తా గారు సెలవులో ఉన్నారంటన్నారండి. వెళ్ళిన రోజల్లా నా కూలి పోతందండి. పిల్ల ఇంట్లో కూర్చుని ఏడుస్తందండి. తమరు కాదంటే ఇంక మానిపించేయడవేనండి.”

మీరే చెప్పండి, ఆయన అలా ప్రాధేయపడుతుంటే నేనేం చేయాలి? ‘బాబాయ్, నేను పదో తరగతి సి సెక్షనండి, ఈ కొప్పులో సగం సవరం’ అని చెప్పాలి. చెప్పాలనే నోరు తెరిచాను. కానీ ఆ కుర్చీలో ఏముందో ఏమో, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“టీసీ తర్వాత చూద్దాంలెండి. అమ్మాయిని పిలవండి.”

గేటు దగ్గర నిలబెట్టిన పిల్లని పిలుచుకొచ్చాడు. సన్నగా, జడకి రబ్బరు బ్యాండు వేసుకొని, గుండెలకి సంచి అదుముకొని ఉంది. సీటొచ్చినా రాకపోయినా సిద్ధంగా ఉందామని పుస్తకాలు కూడా తెచ్చుకుంది పిచ్చితల్లి. “శ్రీనూ, ఈ అమ్మాయిని ఎనిమిది ఇ లో కూర్చోబెట్టు. హెడ్మేడం చెప్పారని చెప్పు” అన్నాను. ఇ సెక్షనే ఎందుకంటే, అది హెడ్మేడం గదికి దగ్గర.

సాయంత్రం చీర విప్పేసరికి అధికారం కూడా దిగిపోయింది. ‘అయ్యో, ఏం చేశానురా భగవంతుడా’ అనుకున్నాను. రేపు ఆ పిల్లని ఎలాగూ గేట్లోనే ఆపేస్తారులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

ఆపలేదండీ! మర్నాడు ఎనిమిది ఇ క్లాసు టీచరు, “ఎవరమ్మా నువ్వు?” అని అడిగారట. “హెడ్మేడం గారు ఇక్కడ కూర్చోమన్నారండి” అందట మార్త. ఇంకేముంది, ఆ రెండు ముక్కలూ పనిచేశాయి. ఆయన హాజరు పట్టీలో చివర పెన్సిల్‌తో పేరు రాసేసుకున్నారు.

ఇక నా బతుకు చూడండి. రెండు జడలు, రిబ్బన్లు, నీలం పరికిణీ వేసుకొని కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే వెనకనుంచి వినిపించింది.

“మేడం గారూ, నమస్తేనండీ!”

నీళ్ళు పొలమారాయి. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా వాటర్ ట్యాంకు వెనక్కి నడిచాను. ఆ తర్వాత రోజూ అదే పని. ఆ పిల్ల వరండాలో కనిపిస్తే నేను సైకిల్ స్టాండులో, మైదానంలో కనిపిస్తే నేను ట్యాంకు వెనక. శ్రీను వెధవ మాత్రం, “హెడ్మేడం గారూ, మీ స్టూడెంటు వస్తోందండీ” అని ఇకిలించేవాడు. నిజం చెప్పేస్తే నాకు తిట్లతో పోతుంది, ఆ పిల్లకి బడి పోతుంది. అందుకే రాత్రి అన్నం సయించేది కాదు.

ఒకరోజు ట్యాంకు వెనకే దొరికిపోయాను.

“మేడం గారూ, క్వార్టర్లీ పరీక్షలు నన్ను కూడా రాయనిస్తారా అండి?”

“రాస్తావులే” అన్నాను. ఉన్న అబద్ధానికి తోడు ఇంకొకటి.

“బాగా రాస్తానండి. మీకు చెడ్డపేరు తేనండి” అంది. నాకు ఏడుపొచ్చింది. బెల్లు మోగకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.

పరీక్షలింకా మొదలవ్వనే లేదు, దావీదు గారు కృతజ్ఞత కొద్దీ బకెట్టు నిండా బతికున్న కొర్రమీనులు తీసుకొని నేరుగా హెడ్మేడం గదికి వెళ్ళారు. ఆ గదిలో ఈసారి అసలు ఆవిడే ఉన్నారు. అక్కడ జరిగింది తర్వాత అటెండరు నాగయ్య గారు నాకు పూసగుచ్చినట్టు చెప్పారు.

“హెడ్మేడం గారు లేరాండి?”

“నేనేనండి.”

“తమరు కాదండి. చిన్నావిడండి. పొడుగ్గా ఉంటారండి, కళ్ళజోడండి, నెమలికంఠం పట్టుచీరండి. నేనొక్కణ్ణే వస్తే మీరిద్దరూ కూర్చోండన్నారండి.”

హెడ్మేడం పెదవి బిగపట్టి, నన్నూ మార్తనూ పిలిపించారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక కొర్రమీను బకెట్లోంచి ఎగిరి నా కాళ్ళ మీద పడింది. నేను వేసిన కేకకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది. నాగయ్య గారు గదంతా పాకి దాన్ని పట్టి మళ్ళీ బకెట్లో వేశారు.

“ఈ అమ్మాయిని చేర్చుకున్నది నువ్వేనా?” అన్నారు హెడ్మేడం.

“నేనేనండి.”

“టీసీ లేకుండా, నాతో చెప్పకుండా. నా లెక్క ప్రకారం ఈ పిల్ల అసలు ఈ స్కూల్లో లేనే లేదు. తెలుసా నీకు?”

దావీదు గారు నా రెండు జడలకేసి చూసి, “ఈ పాపా అండీ!” అని గోడకి చేరగిలబడిపోయారు. నేను ఏడుపు లంకించుకున్నాను. “దాన్ని పంపేయకండి మేడం, నన్ను ఎండలో నిలబెట్టండి” అని ఏదేదో అన్నాను.

“పాపం, నిన్ను మోసం చేసిందమ్మా ఈ అమ్మాయి” అన్నారు హెడ్మేడం మార్తతో.

మార్త తల అడ్డంగా ఊపింది.

“లేదండి. రెండో రోజే తెలిసిపోయిందండి, ఈవిడ పదో తరగతి అక్క అని.”

“మరి మేడం గారూ అని ఎందుకు పిలుస్తున్నావు?”

“నేను పిలవడం మానేస్తే అక్క మేడం కాకుండా పోతారు కదండీ. అప్పుడు నా సీటు కూడా ఉండదు కదండీ.”

ఇన్నాళ్ళూ ఎవరినుంచి దాక్కున్నానో ఆ పిల్లే నా పదవిని కాపాడుకుంటూ వచ్చిందన్నమాట! హెడ్మేడం కిటికీ వైపు తిరిగారు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి.

“దావీదు గారూ, ఆ రోజు ఈ పిల్లని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది నేనే. ఇందులోంచి వచ్చిన మాట మా స్కూలు మాటే. మీరింక కూలి పోగొట్టుకోకండి. ఆ టీసీ నేను తెప్పిస్తాను.” తర్వాత నాకేసి వేలు చూపించారు. “సీటిచ్చావు కదా! ఈ అమ్మాయికి తప్పిపోయిన పాఠాలన్నీ రోజూ సాయంత్రం నువ్వే చెప్పాలి.”

చెప్పాను. లెక్కల్లో మాత్రం నాలుగో రోజునుంచి ఆ పిల్లే నాకు చెప్పడం మొదలుపెట్టిందనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు హెడ్మేడం గదిలోంచి వరండాలోకి రాగానే దాని భుజం పట్టుకొని, “ఇంక అందరికీ తెలిసిపోయింది కదే, మేడం అని పిలవకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను” అన్నాను.

“అలాగేనండీ మేడం గారూ” అంది.

ఆ క్షణమే, కాళ్ళకింకా చేపల వాసన ఉండగానే, ఇష్టదైవం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నాది కాని కుర్చీలో కూర్చొని జన్మలో ఎవరికీ ఏమీ ఇవ్వను, ఇవ్వను, ఇవ్వను. ఇప్పటిదాకా ఆ ప్రతిజ్ఞ తప్పలేదండీ. మళ్ళీ నన్నెవరూ అలాంటి కుర్చీలో కూర్చోబెట్టలేదు మరి.