ఖాళీగా వెనక్కి వెళ్ళిన గిన్నెలు

ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒంట్లో ఏ భాగం ఎలా ఉందో అప్పజెప్పి రావడం మా వయసు వాళ్ళకి ఇక్కడ అమెరికాలో ఒక వ్రతం లాంటిదయిపోయింది. మొన్న వెళ్ళినప్పుడు నర్సు అమ్మాయి బీపీ చూసి, బరువు చూసి, కంప్యూటరు ముందు కూర్చుని, కూరగాయల ధరలు చదివినట్టు వరసగా ప్రశ్నలు చదివింది. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర కరువయిందా, బతికి ప్రయోజనం లేదనిపించిందా అని. అన్నింటికీ లేదు, లేదు అంటూ వచ్చాను, నిజంగానే లేదు కనుక. ఆ అమ్మాయి సంతోషించి, ఫ్లూ ఇంజెక్షను ఏ చేతికి ఇమ్మంటారని అడిగింది. తిరిగి కారు నడుపుకుంటూ వస్తుంటే, ఆ ప్రశ్నలన్నింటికీ అవునని చెప్పాల్సిన సంవత్సరం ఒకటి నా బతుకులో ఉండేదని గుర్తొచ్చింది. అప్పుడు ఎవరైనా అడిగి ఉన్నా నేను ఇలాగే లేదు, లేదు అనే చెప్పి ఉండేదాన్ని. నా ఈడు వాళ్ళకి ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు.

అప్పటికి నాకు యాభై దాటాయి. షామ్‌బర్గ్‌లో ఒక టౌన్‌హౌస్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. మావారూ నేనూ విడిపోయి రెండేళ్ళయింది; కారణాలు చెప్పుకోవడానికి ఇది చోటు కాదు, చెప్పినా అంత ఆసక్తికరంగా ఉండవు. విడిపోయేటప్పుడు ఇల్లు నాకే కావాలని పట్టుబట్టి, ఆయన వాటా చెల్లించడానికి ఇంటి మీద మళ్ళీ అప్పు తీసుకున్నాను, లాయర్ల ఫీజులు క్రెడిట్ కార్డుల మీద వేశాను. జీతం వస్తున్నంత కాలం అదేమీ పెద్ద భారమనిపించలేదు. ఒక బీమా కంపెనీలో పాతకాలం ప్రోగ్రాములకి మరమ్మతులు చేసే ఉద్యోగం నాది. దేశమంతటా ఇళ్ళ ధరలు పడిపోయి ఉద్యోగాలు ఊడుతున్న ఆ రోజుల్లో మా విభాగాన్ని మొత్తంగా హైదరాబాదుకి తరలించారు, నా పనిని అక్కడి పిల్లలకి ఫోనులో నేర్పించే బాధ్యత నాకే అప్పజెప్పారు. వాళ్ళు మేడమ్, మేడమ్ అంటూ ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆఖరి రోజున వాళ్ళలో ఒక అబ్బాయి మీకు నెక్స్ట్ ప్రాజెక్ట్ ఏమిటి మేడమ్ అని అడిగితే, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకుంటానని చెప్పాను.

రెస్ట్ బాగానే దొరికింది. మొదట్లో రోజూ దరఖాస్తులు పంపేదాన్ని. నాకొచ్చిన ప్రోగ్రామింగ్ భాష పేరు వినగానే ఇంటర్వ్యూ చేసే కుర్రాళ్ళు ముత్తవ్వ పెళ్ళినాటి ఫోటో చూసినట్టు మర్యాదగా నవ్వేవారు. నిరుద్యోగ భృతి ఇంటి వాయిదాకే చాలేది కాదు. ఒక కార్డు బాకీ ఇంకో కార్డు మీదికి మార్చుకుంటూ, కిరాణా మూడో కార్డు మీద తెచ్చుకుంటూ కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. ఆదివారం ఆదివారం ఫోన్ చేసే మా అన్నయ్యకి అంతా కులాసా అని చెప్పేదాన్ని. చెప్పి ఊరుకోవడమే కాదు, వాళ్ళమ్మాయి పెళ్ళికి అమెరికా మేనత్త హోదాకి తగ్గట్టు కార్డు మీద నగదు తీసి మరీ పంపించాను. ఆ నగదుకి వడ్డీ ఎంతో అప్పుడు చదవలేదు. పెళ్ళి వీడియోలో మాత్రం నా పేరు మైకులో చెప్పి చదివించిన ఘట్టం చాలా బాగా వచ్చింది.

భృతి ఆగిపోయాక బ్యాంకుల వాళ్ళు పొద్దున్నుంచీ ఫోన్లు చేసేవారు. నా పేరుని ఎవరికి తోచినట్టు వాళ్ళు విరిచి పలికేవారు. ఆ విరిగిన పేరు గల మనిషెవరో అప్పులు చేసిందనీ, ఆవిడ తరఫున నేను వింటున్నాననీ అనిపించేది. దక్షిణాది రాష్ట్రాల యాసతో మాట్లాడే ఒకావిడ మరీ మర్యాదస్తురాలు, డబ్బు సంగతి ఎత్తే ముందు మీ దగ్గర మంచు పడుతోందా అని అడిగేది. ఇల్లు పోతుందని తెలుసు, పోకుండా ఎవరితో మాట్లాడాలో కనుక్కోవచ్చునని కూడా తెలుసు. తెలిసీ చెయ్యి కదపలేకపోవడమే ఆ జబ్బు. మధ్యాహ్నం దాకా లేచేదాన్ని కాదు, లేచినా కర్టెన్లు తీసేదాన్ని కాదు, స్నానం చేయడమంటే పెద్ద ప్రయాణానికి సామాను సర్దుకోవడమంత పనిగా తోచేది. ఏదో చేసుకుని చావాలని కాదు, పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉండిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అనిపించేది. ఆ ఆలోచన ఎంతో ప్రశాంతంగా వచ్చేది, అందుకే దాన్ని చూసి భయపడాలని తోచలేదు.

మరి మనవాళ్ళకి ఏం చెప్పాలి? శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలకి కలుసుకునేవాళ్ళం. ఎందుకు రావడం లేదని అడిగితే ఉద్యోగం పోయిందని చెప్పడానికి ముఖం చెల్లలేదు, మనసు బాగాలేదని చెప్పుకునే అలవాటు మనకి అసలే లేదు. అందుకని థైరాయిడ్ అని చెప్పాను. మన ఆడవాళ్ళలో థైరాయిడ్ చాలా గౌరవనీయమైన జబ్బు. ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, లావెక్కినా, చిక్కిపోయినా, పిలుపులకి వెళ్ళకపోయినా, అన్నింటికీ అదొక్కటే సరిపోతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టానని ఇంకో మాట జోడించాను. మనవాళ్ళు మంచివాళ్ళు. క్యాబేజీ తినొద్దని తలా ఒక సలహా ఇచ్చి, వండినవి పంపించడం మొదలుపెట్టారు.

పులిహోర, గోంగూర పప్పు, ముక్కల పులుసు, ఒకరు స్టీలు గిన్నెల్లో, ఒకరు నీలం మూతల గాజు డబ్బాల్లో, ఇంకొకరు అడుగున టేపు అంటించి ఇంటి పేరు రాసిన క్యారేజీలో. అవి తినే ఆ నెలలు బతికాను, అందులో దాపరికం ఏమీ లేదు. తిన్నాక గిన్నె శుభ్రంగా కడిగి భోజనాల బల్ల మీద పెట్టేదాన్ని. ఎవరైనా ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, మా అమ్మ అయితే ఇంట్లో ఏమీ లేని రోజు ఓ బెల్లం ముక్కయినా వేసి పంపేది. నేనూ రెండు ఆపిల్ పళ్ళు వేసి ఇచ్చేస్తే సరిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ స్థితిలో పులిహోరకి బదులు ఆపిల్ పళ్ళా అనిపించేది. కాస్త ఓపిక వచ్చాక ఒక రోజు కూర్చుని బొబ్బట్లు చేసి అందరికీ ఒకేసారి పంపేద్దామనుకున్నాను. ఆ రోజు రాలేదు. బల్ల నిండింది, తర్వాత కుర్చీలు కూడా నిండాయి. గిన్నెల వాళ్ళు ఎదురుపడతారని దగ్గర్లో ఉన్న ఇండియన్ కొట్టు మానేసి ఎక్కడో దూరం వెళ్ళేదాన్ని, గుడికి వెళ్ళడం మానేశాను, ఫోన్లు ఎత్తడం మానేశాను. బ్యాంకులకి అన్ని వేల డాలర్లు బాకీ పడి ఏమాత్రం చలించని మనిషిని, ఆ నీలం మూతల వైపు మాత్రం చూడలేక తల తిప్పుకుని నడిచేదాన్ని.

దీపావళి దగ్గర పడుతుండగా ఒక రోజు ఎందుకో కాస్త ఓపిక వచ్చింది. చేయలేకపోతే పోనీ, కొనైనా నింపి ఇచ్చేద్దామని స్వీటు షాపుకి వెళ్ళి, ఇంటికో పెట్టె చొప్పున మైసూర్ పాకూ లడ్డూలూ కట్టించాను. కౌంటరు మీద అట్టపెట్టెల దొంతర పెరుగుతుంటే ఎంతో కాలానికి నాకు సంతోషం వేసింది. కార్డు పని చేయలేదు. ఇంకోటి ఇచ్చాను, అదీ పని చేయలేదు. మూడోది గీసేటప్పటికి కొట్టాయన నా ముఖం చూడటం మానేశాడు. వెనక పండగ రద్దీ, అందరూ మనవాళ్ళే, వాళ్ళలో ఒకామె మా గుడి కమిటీలో ఉంటుంది కూడా. కొట్టాయన గొంతు తగ్గించి, పరవాలేదు తీసుకెళ్ళండి, తర్వాత ఇద్దురుగాని అన్నాడు. తల కొట్టేసినట్టయింది. కారులో డబ్బుంది తెస్తానని చెప్పి బయటికి వచ్చి, కారెక్కి నేరుగా ఇంటికి వచ్చేశాను. కోటు కూడా విప్పకుండా హాల్లో కార్పెట్ మీద పడుకున్నాను. పడుకున్నట్టే ఉండిపోవాలన్న ఆలోచన ఆ పూట మామూలు కంటే దగ్గరగా వచ్చి కూర్చుంది.

మా ఎదురు టౌన్‌హౌస్‌లో ఉండే ఆవిడది వరంగల్ వైపు. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అనేది. స్వీటు షాపు సంగతి ఆమె దాకా వెళ్ళిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు రోజుల తర్వాత వచ్చి బెల్లు కొట్టింది, నేను పలకలేదు. కారు బయటే ఉంది, నువ్వు ఇంట్లోనే ఉన్నావు, మా ఇంటికి చుట్టాలు వస్తున్నారు, నా గిన్నె నాకు కావాలి అని తలుపు అవతలి నుంచే చెప్పింది. పలకరించడానికి వచ్చానంటే తీసేదాన్ని కాదు. తన వస్తువు తాను అడిగే మనిషికి తలుపు తీయకుండా ఎలా ఉంటాం? తీసి, ఖాళీగా ఎలా ఇస్తాను, రేపు నేనే పంపిస్తానని నసిగాను.

"రేపు రేపని ఆర్నెల్లాయె అక్కా. ఖాళీగనే ఇయ్యి. నింపియ్యకుంటె నేనేమన్న చిన్నబోతనా?"

అంటూనే లోపలికి వచ్చేసింది. బల్లనీ కుర్చీలనీ చూసింది. కొన్ని గిన్నెలు ఎవరివో మూతల్ని బట్టే పోల్చుకున్నట్టుంది. నేను థైరాయిడ్ వల్ల వంట చేయలేకపోతున్నానని మొదలుపెట్టాను. ఆమె ఒక కుర్చీలోని గిన్నెలు నేల మీదికి దించి, తాపీగా కూర్చుంది.

"నేను హెచ్-ఫోర్ వీసా మీద అయిదేండ్లు ఇంట్లనే కూసున్న అక్కా. జాబ్ చేద్దామంటె పర్మిషన్ లేకపాయె, బయటికి పోబుద్ధి గాకపాయె. అప్పుడు నేను గూడ అందరికి థైరాయిడ్ అనే చెప్పిన."

నాకు ఏడుపు వచ్చింది. నెలల తరబడి రానిది, ఇల్లు పోతుందని తెలిసినప్పుడు కూడా రానిది, ఆ మాటకి వచ్చింది. ఆమె దగ్గరికి తీసుకోవడం, ఊరుకోమనడం ఏమీ చేయలేదు, ఏడవడం అయ్యేదాకా కూర్చుని, జాబ్ ఉందా పోయిందా అని అడిగింది. పోయిందని చెప్పాను. తెలుగులో ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత కార్డులూ, ఇంటి వాయిదాలూ, కార్పెట్ మీద పడుకుని ఏమనుకున్నానో అదీ, అన్నీ చెప్పేశాను. ఆమె లేచి నా ఫ్రిజ్ తెరిచి చూసి, వాళ్ళింటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. ఆ వారం వాళ్ళింటికి చుట్టాలెవరూ రాలేదు.

మర్నాడు వ్యాన్ తెచ్చి గిన్నెలన్నీ ఎక్కించుకుని, ఎవరివి వాళ్ళకి ఖాళీగా ఇచ్చి వచ్చింది. ఇస్తూ, అక్కకి ఉద్యోగం పోయింది, ఇల్లు పోయేట్టుంది, మనసు బాగాలేదు అని ఉన్నదున్నట్టు అందరికీ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పరువు గిన్నెలతో పాటు ఇంటింటికీ పంచిపెట్టిందని ఆమెతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాను. తెలిశాక నన్ను శనివారం భోజనాలకి పిలవడం మానేసిన వాళ్ళు కొందరున్నారు, వాళ్ళని ఏమీ అనను, నా సంగతి అంటుకుంటుందేమోనని వాళ్ళ భయం వాళ్ళది. కానీ క్యారేజీ మీద ఇంటి పేరు రాసిన ఆవిడ ఫోన్ చేసి, తాను కూడా నిద్ర కోసమని చెప్పి వేసుకునే మాత్ర నిద్ర మాత్ర కాదు, దిగులుకి ఇచ్చినదని చెప్పి, తన డాక్టరు నంబరు ఇచ్చింది. నీలం మూతలావిడ భర్త అకౌంటెంటు, ఒక శనివారం వచ్చి నా కాగితాలన్నీ ముందేసుకుని, ఇవి తీర్చగలిగే అప్పులు కావు, దివాలా దాఖలు చేయడమే మార్గమని, ఏదో జ్వరానికి మందు చెప్పినట్టు చెప్పాడు.

ఇల్లు నిలబడలేదు. దివాలా తీయడమనే మాట మన వైపు తిట్టుగా వింటూ పెరిగినదాన్ని, ఇక్కడ అదేమిటో చూస్తే ఒక చిన్న గదిలో, నా ముందు ఒక లారీ డ్రైవరూ, నా వెనక చంటిబిడ్డతో ఒక జంటా కూర్చుని ఉండగా, కోర్టు తరఫున వచ్చిన ఒకాయన నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్ళొచ్చు అన్నాడు. నన్ను తీసుకొచ్చిన ఎదురింటావిడ బయట పార్కింగ్‌లో కాచుకుని ఉంది. తర్వాత ఒక బెడ్‌రూమ్ అపార్టుమెంటుకి మారాను, ఒక స్కూలు ఆఫీసులో పిల్లల హాజరు చూసుకునే ఉద్యోగం దొరికింది, మాత్రలు కొన్నేళ్ళు వాడి డాక్టరు చెప్పాక మానేశాను. అన్నయ్యకి మాత్రం చాలా ఏళ్ళు చెప్పలేదు. చెప్పిన రోజున ఆయన, ఆ పెళ్ళికి డబ్బు పంపకపోతే ఏమయ్యేదే అన్నాడు, అంతే.

ఎదురింటావిడ భర్త ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్ళిపోయారు. మొదట్లో వారం వారం ఫోన్లు, ఇప్పుడు పండగలకి పువ్వుల బొమ్మలతో వాట్సాప్ సందేశాలు. ఇప్పటి పిల్లలు భోజనాల దగ్గర, నాకు యాంగ్జైటీ ఉంది ఆంటీ, థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను అని పప్పు వడ్డించుకుంటూ మామూలుగా చెబుతారు. వింటే ముచ్చటేస్తుంది. థైరాయిడ్ ఇప్పుడు నిజంగా థైరాయిడ్ ఉన్నవాళ్ళకే ఉంటోంది. భోజనాలయ్యాక మిగిలినవి హోటల్ నుంచి తెచ్చుకున్న పల్చటి డబ్బాల్లో సర్ది నా చేతిలో పెట్టి, ఇవి రిటర్న్ చేయక్కర్లేదు ఆంటీ, తిన్నాక పడేయండి అంటారు. నాకు శ్రమ లేకుండా చేయాలని వాళ్ళ ఉద్దేశం, ఆ మర్యాద నాకు తెలుసు. అలాగే తిని, అలాగే పడేస్తున్నాను. ఈ రోజు నాకు ఏ బ్యాంకుకీ బాకీ లేదు, ఎవరి గిన్నే నా ఇంట్లో లేదు. నా గిన్నె నాకివ్వమని వచ్చి నా తలుపు కొట్టడానికి ఎవరికీ హక్కు మిగల్లేదు.