అక్క మానేసిన గోంగూర

రెండేళ్ల క్రితం అద్దంకిలో ఉండే మా అక్క నాకు కిడ్నీ ఇచ్చింది. ఆ కిడ్నీ నిలవడానికి వాడే మందుల వల్లే నాకు బీపీ పెరుగుతోందని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. ఇవాళ అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే, తనూ నాలాగే ఉప్పులేని చప్పిడి పప్పు వేసుకుంది.

"నీకెందుకక్కా ఈ చప్పిడి తిండి?"

"నా కిడ్నీయేగా నీకు బీపీ తెచ్చింది! నువ్వలా నోరు కట్టుకుంటే నాకు ముద్ద దిగుద్దా?"

"నీ కిడ్నీ భేషుగ్గా ఉందే అక్కా. ఇదంతా నేను మింగే బిళ్లల వల్ల."



"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా, సచ్చినోడా!" అంటూ అక్క గోంగూర పచ్చడి జాడీ ముందుకు లాక్కుంది.

ఇన్నాళ్లూ నాకు బీపీ ఎంతుందో తనకు చెప్పాను గానీ, ఎందుకుందో చెప్పలేదు. మీ కోసం మీవాళ్లు చెప్పకుండా ఏం మానేశారో ఎప్పుడైనా అడిగారా?